ఎండపొడ తగిలితే పడిపోయే హెలికాప్టర్

చెర్వుగట్టు జాతరల మనుమడు మంకుపట్టు పడితే 650 పెట్టి రిమోట్ హెలికాప్టర్ కొనిచ్చిన. నల్లగొండకు వచ్చేదాంక బస్సుల డబ్బ ఇడిస్తే ఒట్టు. తెల్లారి పది గొట్టంగ మిద్దె మీద లేపినం. మోకాలెత్తు లేచింది, టప్పున పడ్డది. మళ్ల లేపితే మళ్ల గంతే. "తాతా, మనల్ని మోసం జేసిండ్రు" అని మూతి ముడుసుకున్నడు.

టీవీలు బాగుచేసి బతికినోన్ని, రిమోట్ మొన సూడంగనే సమజైంది. ఎల్‌ఈడీ బుడ్లు ఉన్నయి. ఇది రేడియోతోని నడిచేది కాదు, టీవీ రిమోట్ లెక్క ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనవడని వెలుగుతోని నడిచేది. మీరూ సూడున్రి: సెల్ఫీ కెమెరా ముందట పెట్టి నొక్కితే ఊదారంగుల మినుకుమంటది, ఉత్త కంటికి ఏం కనవడది. ఇసొంటి రిమోట్ల వెలుగు మామూలుగ సెకనుకు 38 వేలసార్లు ఆరి వెలుగుతది. ఆ లెక్కన కొట్టుకునే వెలుగునే హెలికాప్టర్ల ఉన్న చిన్న రిసీవర్ పట్టుకుంటది. కానీ మన ఎండల ఇన్‌ఫ్రారెడ్ కుప్పలు కుప్పలు ఉంటది. డప్పులు మోగుతుంటే చెవుల గుసగుస పెట్టినట్టే. సిగ్నల్ అందకుంటే మోటరు ఆగుతది, కింద పడుతది.

పొద్దుగూకినంక ఇంట్ల లేపితే స్లాబు దాంక పోయింది. రిమోట్‌ను గోడ దిక్కు తిప్పినా పనిచేసింది, తెల్ల సున్నానికి తాకి వెలుగు వాపస్ వస్తది. బీరువా చాటుకు పోతే పడిపాయె. ఫ్యాను బంద్ చేసుడు మాత్రం మరువకున్రి, మాకు ఒక రెక్క అట్లనే పోయింది.

పక్కింటి పోరడు గిసొంటిదే తెచ్చిండు. ఒక్క రిమోట్‌కు రెండూ లేస్తుంటే పోరగాండ్లు కొట్టుకున్నరు. రిమోట్‌కు ఏ, బీ, సీ అని చిన్న గుండీ ఉన్నది. మాది బీ మీదికి జరిపి మళ్ల ఆన్ చేస్తే లొల్లి సల్లబడ్డది.

అరగంట ఛార్జింగ్ పెడితే ఎగిరేది ఆరు నిమిషాలు. రిమోట్‌కు ఆరు పెన్సిల్ సెల్లు, అవి మనమే కొనాలె. వస్తువుకు పేరు పెట్టను, ఇంట్ల ఆడుకునేతందుకు మంచిదే. నా కోపం డబ్బ మీద: నీలి ఆకాశం, మబ్బులు, నడుమ ఈ హెలికాప్టర్! మిద్దె మీద ఆడాలంటే 2.4 గిగాహెర్ట్జ్ అని రాసినది, అంటే రేడియోతోని నడిచేది చూసి కొనున్రి.

ఇగ తోక రెక్క ఒక్కటే కొనేది మిగిలింది. గడియారం సెంటర్ల రెండు దుకాణాల అడిగిన, దొరకలే.