ప్రెవేర్ కోసమైతే పారిస్‌లో ఆగకండి

ఫ్రెంచ్ సినిమా రచయిత జాక్ ప్రెవేర్ (1900–1977) అభిమానులు ముందుగా వెళ్ళేది పారిస్‌లో ఆయన ఉన్న సితే వెరోన్‌కే. మెట్రో 2వ లైన్‌లో బ్లాంష్ దగ్గర దిగితే మూలాన్ రూజ్ పక్క సందు. 2025 ధరలో టికెట్ 2.50 యూరోలు, దాన్ని ఎక్కించే కార్డుకు మరో 2. ఇంత చేసి చూసేది ఒక గుమ్మం, ఒక గోడ. ముందే మాట్లాడుకోకుండా వెళ్తే లోపలికి పోలేరు.

రేవు పట్టణం ల హావ్ర్ అంతకంటే నిరాశ. 1938లో మార్సెల్ కార్నే ఇక్కడ తీసిన ‘ల కే దే బ్రూమ్’ సినిమాకు ప్రెవేర్ రాసిన మాటలు తలచుకుంటూ, అందులోని రేవు వెతికితే దొరకదు. 1944 సెప్టెంబరు బాంబులకు ఊరి నడిబొడ్డు నేలమట్టమైంది. ఇప్పుడున్నది ఓగూస్త్ పెరె కట్టిన కాంక్రీటు నగరం. కట్టడాల మీద ఆసక్తి ఉంటే సరే, లేకపోతే వెంట వచ్చినవాళ్ళ మొహాలు ఇక్కడే మాడిపోతాయి.

ఉన్న సమయమంతా ప్రెవేర్ చివరి ఇల్లు, సమాధి ఉన్న ఓమోన్‌విల్-లా-పెతీత్ అనే పల్లెకు పెట్టండి. పారిస్ సేన్-లజార్ స్టేషన్ నుంచి షేర్‌బూర్‌కు రైల్లో మూడు గంటల పైమాటే. అక్కడినుంచి సుమారు 25 కిలోమీటర్లు. బస్సులు బహు తక్కువ. వెళ్ళే బస్సుకంటే ముందు తిరుగు బస్సు వేళ చూసుకోవాలి. ఇద్దరు ముగ్గురుంటే షేర్‌బూర్‌లో కారు అద్దెకు తీసుకోవడమే నయం. బస కూడా అక్కడే, స్టేషన్‌కు దగ్గరగా.

అసలు చిక్కు పేరులో ఉంది. పక్కనే ఓమోన్‌విల్-లా-రోగ్ అని ఇంకో ఊరుంది. పైగా 2017లో ఈ ఊళ్ళన్నీ లా హాగ్ అనే ఒకే కమ్యూన్‌లో (స్థానిక పాలనా విభాగం) కలిసిపోయాయి. టాక్సీకి ఒట్టి ‘ఓమోన్‌విల్’ అని చెబితే రేవున్న ఊళ్ళో దింపుతారు. ‘మేజోన్ జాక్ ప్రెవేర్’ అని పూర్తిగా చెప్పండి, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆయన ఇల్లు అదే. చలికాలంలో మ్యూజియం మూసేస్తారు, తేదీలు చూసుకున్నాకే రైలు టికెట్ కొనండి. శాకాహారులు తిండి వెంట తెచ్చుకోవడం మేలు. మధ్యాహ్నం రెండు దాటితే ఇలాంటి పల్లెల్లో వంటిల్లు మూసేస్తారు.

ఆర్ట్ డైరెక్టర్ అలెగ్జాండర్ ట్రౌనర్ చెబితేనే ప్రెవేర్ 1971లో ఈ ఇల్లు కొన్నారు. పై అంతస్తులోని పని గదికి ఎక్కువ సమయం ఇవ్వండి. కథ రాసేముందు పెద్ద కాగితం మీద పాత్రలకు రంగురంగుల బొమ్మలు గీసుకునే మనిషి ఆయన. అది తెలిసి చూస్తే ఆ గది వేరుగా కనిపిస్తుంది. తర్వాత నడిచి చర్చి ఆవరణకు రండి. అక్కడ భార్యాబిడ్డలతో పాటు ప్రెవేర్ సమాధి, దగ్గర్లోనే ట్రౌనర్ సమాధి. జర్మన్ల ఆక్రమణ కాలంలో యూదుడైన ట్రౌనర్ చాటుగా ఉండి ‘లే జాంఫాన్ దు పారాదీ’ (1945)కి సెట్లు రూపొందించారు. ఆ సినిమా స్క్రీన్‌ప్లేకే ప్రెవేర్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ సినిమా రచయితను, ఆర్ట్ డైరెక్టర్‌ను ఇలా ఒకేచోట చూడొచ్చు.

దగ్గర్లోని సేన్-జెర్మేన్-దే-వో అనే ఊళ్ళో ప్రెవేర్ పేరిట తోట కూడా ఉంది, టికెట్ వేరే. స్నేహితులు నాటిన చెట్లు బాగుంటాయి, కానీ వాన పడితే బాట జారుతుంది. ఒక్క పూట మాత్రమే ఉంటే తోట వదిలేసి ఇల్లు చూడండి.