పలక, కలప: చదువు నేర్పే రెండు దారులు

పిల్లలకు చదవడం నేర్పేటప్పుడు ఒక దారి అక్షరానికీ ధ్వనికీ ముడి వేయడం. రెండోది మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపెట్టించడం. రెండో పద్ధతిలో ఫలితం తొందరగా కనిపిస్తుంది, పిల్లలు వారంలోనే కొన్ని మాటలు గడగడా చెప్పేస్తారు. కానీ ‘పలక’ను బొమ్మలా నేర్చిన పాపకు ‘కలప’ మళ్లీ కొత్త బొమ్మే. ప, ల, క ధ్వనులు తెలిసిన పాప మాత్రం కాస్త తడుముకున్నా తనే చదివేస్తుంది.

చదవడం వచ్చాక మెదడు ఎడమవైపు వెనుక భాగంలో ఒక చిన్న ప్రాంతం అక్షరాలను గుర్తించడంలో ఆరితేరుతుంది. అంతకుముందు అది ముఖాలు, వస్తువుల వంటివాటికి స్పందించేదే. 2015లో మెదడు పరిశోధకుడు బ్రూస్ మెక్‌కాండ్లిస్ బృందం 16 మంది పెద్దవాళ్లకు రెండు కల్పిత లిపులు నేర్పింది, ఒకదాన్ని ధ్వనులతో, రెండోదాన్ని మాటల్ని మొత్తంగా గుర్తుపెట్టించి. ధ్వనులతో నేర్చుకున్న మాటలు చూసినప్పుడు ఎడమ మెదడు ఎక్కువగా స్పందించింది, మొత్తంగా గుర్తుపెట్టుకున్న మాటలకు కుడివైపు. నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది: ఒకే మనిషి, కానీ నేర్పిన తీరు మారితే మెదడు స్పందనా మారింది.

పెద్దవాళ్లం మాటను ఒక్క చూపులో చదువుతాం కదా అని కొందరంటారు. నిజమే, కానీ అప్పుడు కూడా మెదడు అక్షరాలన్నిటినీ ఒకేసారి పట్టుకుంటోంది. ఆ వేగం ఏళ్ల సాధనతో వచ్చింది. అందుకే నా ఓటు ధ్వనులకే. తరచూ వచ్చే మాటల్ని చూడగానే గుర్తించడం దాని వెనకే వస్తుంది. మొదట్లో కూడబలుక్కుంటున్న పిల్లల్ని చూసి టెన్షన్ పడొద్దు, తొందరపెట్టొద్దు.