లూప్ డిటెక్షన్: రెండేళ్లు వాడాక నా మాట

కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే ఈ 24 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది లూప్ డిటెక్షన్, అంటే కేబుళ్ల దారి చుట్టూ తిరిగి కలిసిపోతే పసిగట్టి ఆ పోర్టును మూసే ఏర్పాటు. కోపం తెప్పించిందీ అదే. పెట్టె విప్పినప్పుడు అది ఆఫ్‌లో ఉంది, నేను చూసుకోలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ నెట్‌వర్క్ నేను చూస్తాను. కొన్న కొన్ని నెలలకే, ఒక సోమవారం పొద్దున ఫోన్: "అన్నా, ఏదీ పనిచేస్తలేదు, బిల్లు కూడా రావట్లేదు." వెళ్లేసరికి పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు మెట్ల దాకా నిలబడి ఉన్నారు. మామూలుగా స్విచ్ మీద ఏ లైటు దారి దానిది. ఆరోజు అన్నీ కలిసి టకటకా కొట్టుకుంటున్నాయి. లూప్ అని అర్థమైంది. ఈథర్నెట్ ఫ్రేముకు, అంటే కేబుల్‌లో వెళ్లే డేటా ముక్కకు, ఇన్నిసార్లు తిరిగాక ఆగిపోవాలనే లెక్క ఉండదు. దారి గుండ్రంగా కలిస్తే బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ పంపే ఫ్రేము, తిరుగుతూనే ఉంటుంది.

సెట్టింగ్స్ పేజీ కూడా తెరుచుకోలేదు. ఇక కేబుళ్లు పీకడమే. 1 నుంచి 12 దాకా తీసినా తగ్గలేదు. 19 ఊడగానే లైట్లన్నీ నెమ్మదించాయి. ఆ కేబుల్ పట్టుకుని వెళ్తే రిసెప్షన్ బల్ల కింద 5 పోర్టుల చిన్న స్విచ్, అందులో ఒకే నీలం కేబుల్ రెండు కొసలూ!

"కాళ్లకు అడ్డం వస్తుంటే ఖాళీ ఉన్నకాడ పెట్టిన సార్" అంది ఊడ్చే అక్క. ఆమె తప్పేం లేదు. లూప్‌లను ఆపే ఇంకో ఏర్పాటు, స్పానింగ్ ట్రీ, ఆన్‌లో ఉందని నేనే ధీమాగా ఉన్నాను. లూప్ కనిపెట్టడానికి అది పంపే బీపీడీయూలనే సందేశాలను ఆ చిన్న స్విచ్ దాటనివ్వలేదు. లూప్ డిటెక్షన్ ఫ్రేములైతే మామూలు వాటిలాగే దాటి, అదే పోర్టుకు తిరిగొస్తాయి. వెంటనే ఆ పోర్టు మూసుకుంటుంది.

ఆరోజే ఆన్ చేశాను. పోయిన వానాకాలంలో ఎక్స్‌రే గదిలో మళ్లీ ఇదే జరిగితే మిగతా సెంటర్‌కు తెలియనే లేదు. లాగ్‌లో పోర్టు 7 అని, టైముతో సహా ఉంది. కూకట్‌పల్లిలో ఉండి ఫోన్‌లోనే ఆ కేబుల్ తీయించాను. ఎంత హాయిగా అనిపించిందో!

"ఇక లూప్ భయం లేదు" అని అప్పట్లో అందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. పోర్టు మూసుకుంటే దాని వెనక ఉన్న సిస్టమ్‌లన్నీ ఆగుతాయి. పైగా మా స్విచ్‌లో మూసిన పోర్టును కాసేపటికి తనే తెరిచే ఆటో రికవరీ ఉంది. లూప్ తీయకముందే పోర్టు తెరుచుకుని, నెట్ కాసేపు తడబడి, మళ్లీ మూసుకుంటుంది. అందుకే దాన్ని ఆపేసి పోర్టు నేనే తెరుస్తున్నాను. అంటే పిలిస్తే పలికే మనిషి ఒకరుండాలి.

మాకు 40 సిస్టమ్‌లు, బల్లల కింద ఇంకా రెండు చిన్న స్విచ్‌లు. నాకైతే ఇది తప్పదు. ఇంట్లో మూడు కేబుళ్ల కోసం కొనమని చెప్పను. కొంటే మాత్రం ర్యాక్‌లో బిగించకముందే ఆ ఆప్షన్ ఆన్ చేయండి.