పడమటి గాలికే పనికొచ్చే కూలరు

మార్చి చివర్లో పదకొండున్నర వేల రూపాయలు పెట్టి, 50 లీటర్ల ట్యాంకు ఉన్న డెజర్ట్ కూలరు ఒకటి విజయనగరంలో కొన్నాను. అమ్మ పడుకునే గదికి పైన డాబా తప్ప మరో అంతస్తు లేనందువల్ల, పగలు ఎక్కిన వేడి రాత్రి పది దాటినా దిగదు. ఏసీ గాలేమో ఆమెకు పడదు. రెండు నెలలు వాడాక ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ దాదాపు అన్ని కూలర్లకూ వర్తిస్తాయి.

దుకాణంలోని కుర్రాడు "ఏసీకి ఏటీ తీసిపోదండి, తలుపులు బిగించీసి పడుకోండి" అన్నాడు. ఆ రెండు మాటలూ తప్పే. కూలరు బయటి గాలిని తడిసిన ప్యాడ్ల గుండా లాగుతుంది; నీరు ఆవిరవుతూ ఆ గాలిలోని వేడిని తీసుకుంటుంది. తేమెక్కిన గాలి బయటికి పోయే దారి లేకపోతే గది ఇడ్లీ పాత్రలా తయారవుతుంది. మొదటి రాత్రి మాకు జరిగింది అదే: తెల్లారేసరికి దుప్పటి చెమ్మగిల్లింది, గోడ మీది క్యాలెండరు కాగితాలు మెత్తబడి వంకర తిరిగాయి. కూలరు వీపు బయటికి ఉండేలా కిటికీలో నిలిపి, ఎదుటి తలుపు జానెడు తెరిచి ఉంచాక గానీ అసలు చల్లదనం తెలియలేదు.

మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇదీ. గాలిలో తేమ ఎక్కువైతే కుండనీళ్ళు చల్లబడవని అమ్మకు ఎప్పుడో తెలుసు. నాకు మాత్రం థర్మామీటరు కొన్నాక తెలిసింది. ఏప్రిల్‌లో పొడి పడమటి గాలి వీచిన ఒక మధ్యాహ్నం వరండాలో 41 డిగ్రీలు ఉండగా, కూలరు మూతి దగ్గర 29 చూపించింది. మే నెలలో సముద్రపు గాలి తిరిగిన రోజున వరండాలో 36 మాత్రమే ఉన్నా, మూతి దగ్గర 32కు మించి దిగలేదు. పైగా గదిలో తేమ పెరిగి చెమట ఆరడం మానేసింది.

అందుకే ఇప్పుడు వాతావరణ సూచన చూడకుండా మేము కూలరు మీట నొక్కము. మైదానాల్లో 40, తీరంలో 37 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైనప్పుడు భారత వాతావరణ శాఖ దానిని వడగాలిగా పరిగణిస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే హెచ్చరికలో మా మండలం పేరుందేమో చూసి, ఆ తర్వాత ఫోనులో తేమ శాతం చూస్తాను. తేమ తక్కువైతే ఉదయం పదిన్నరకే కూలరు మొదలవుతుంది. ఎక్కువైతే ప్యాడ్లను తడిపే పంపు ఆపి ఫ్యాను ఒక్కటే తిప్పుతాము, అమ్మ మెడ మీద తడి తువ్వాలు వేసుకుంటుంది. 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను ఒంటిని మరింత వేడెక్కించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి, సరిగ్గా అటువంటి పొడి రోజుల్లోనే కూలరు తన ధరకు న్యాయం చేస్తుంది. కరెంటు పోయినా ఇన్వర్టరు మీద నడవడం నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

లోపాలు లేకపోలేదు. పొడి రోజున గంటకు ఐదారు లీటర్లు తాగేస్తుంది. బోరు నీళ్ళు పోస్తే ప్యాడ్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి తోమకపోతే డెంగీ దోమలకు మనమే ఇల్లు కట్టించినట్టు. మూడో వారంలో ఒక చక్రం విరిగితే, మరమ్మతు మనిషి పదకొండు రోజులకు వచ్చాడు. అవి వడగాడ్పుల రోజులే కావడం మా అదృష్టం.

ఇంకొక సంగతి కొనేవారు ముందే తెలుసుకోవాలి. చల్లగా ఉందన్న ధీమాతో అమ్మ రోజంతా నీళ్ళు తాగడం మరచిపోయి, ఒక సాయంత్రం పిక్కలు పట్టేసి లేవలేకపోయింది. అప్పటినుంచి దాహం వేసినా వేయకపోయినా ఉదయం చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం ఉప్పు వేసిన పలచని మజ్జిగ తప్పనిసరి చేశాము. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే మాత్రం అది మజ్జిగతో తీరే వ్యవహారం కాదు: 108కి ఫోను చేసి, వాహనం వచ్చేలోగా నీడకు చేర్చి, ఒంటిని తడుపుతూ గాలి విసరాలి, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.

రాజాం, గజపతినగరం వంటి లోపలి ఊళ్ళవారు నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. భోగాపురం, పూసపాటిరేగ తీరం వైపు వారు ఆ డబ్బులో కొంత డాబాకు తెల్ల సున్నం వేయించడానికి ఖర్చు చేస్తే ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం. మా ఊరు రెండింటికీ మధ్యన ఉంది. మొన్న ఉక్కపోతకు విసిగి దీన్ని అమ్మేద్దామన్నాను. పడమటి గాలి ఇంకో పది రోజులుంటుందని అమ్మ ఒప్పుకోలేదు.