ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, సీబీపీ: టీబీ రోగికి ఏ రక్తపరీక్ష మేలు?

"అన్నా, మా ఆయనకి ఈఎస్సార్ ఎనభై అంట. అంటే టీబీయేనా?"

మా ల్యాబ్ కౌంటర్ దగ్గర నెలకి నాలుగుసార్లయినా వినే ప్రశ్న ఇది. టెక్నీషియన్‌ని కాబట్టి అంకె ఇస్తాను, జబ్బు పేరు చెప్పను. ఇక్కడైతే డాక్టరు కూడా ఆ అంకె ఒక్కటి చూసి చెప్పలేడు. టీబీ పేరు చెప్పాల్సింది తెమడ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు సర్కారు ఆసుపత్రిలో తెమడ ఇవ్వాలి. తెమడలో టీబీ క్రిమి జన్యువుల్ని వెతికే సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ అక్కడ ఉచితంగా చేస్తారు, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా అదే చెబుతుంది. ఒకప్పుడు రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ అని తేల్చే కిట్లు వీధి వీధినా ఉండేవి. ఉన్నవాళ్లకి లేదని, లేనివాళ్లకి ఉందని చెబుతున్నాయని 2012లో కేంద్రం వాటిని నిషేధించింది. ఇగ్రా అనే రక్తపరీక్ష ఉంది గానీ, అది ఒంట్లో క్రిమి దూరిందా అన్నంత వరకే చెబుతుంది. జబ్బుగా మారిందా అంటే దానికి తెలియదు.

మరి రక్తపరీక్షలెందుకు? టీబీ వచ్చాక రక్తం మారుతుంది, మందులు మొదలయ్యాక మళ్లీ మారుతుంది. ఆ మార్పు కనిపెట్టడానికి మన ఊళ్లలో రాసేవి ముఖ్యంగా మూడు.

ముందు ఈఎస్‌ఆర్. మూడింటిలో చవక. స్వీడన్ డాక్టరు వెస్టర్‌గ్రెన్ 1921లో దీన్ని వివరించింది ఊపిరితిత్తుల టీబీ రోగుల రక్తం మీదే. మందులే లేని శానిటోరియం రోజుల్లో మంచం మీదున్న రోగి కోలుకుంటున్నాడా లేదా అన్నది ఈ పరీక్ష చూసి అంచనా వేసేవారు. ఆ అలవాటు మన చీటీల మీద ఇంకా వదల్లేదు. గడ్డకట్టకుండా సిట్రేటు కలిపిన రక్తాన్ని సన్నటి గొట్టంలో నిలువుగా పెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తాం. ఒంట్లో వాపు (డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది) ఉంటే రక్తంలో ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అప్పుడు కణాలు రూపాయి బిళ్లల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుని, ఆ బరువుకి త్వరగా దిగుతాయి.

దీని లొసుగులన్నీ నా చేతుల్లోనే ఉన్నాయి. స్టాండులో గొట్టం కాస్త వంగితే అంకె పెరుగుతుంది. ఎండాకాలం కరెంటు పోయి గది వేడెక్కితే పెరుగుతుంది. ఉదయం తీసిన రక్తాన్ని సాయంత్రం పెడితే తగ్గుతుంది. ఇక రోగి సంగతి. ఒంట్లో రక్తం తక్కువుంటే, గర్భిణి అయితే, వయసు మీద పడితే జబ్బు లేకున్నా పెరుగుతుంది. మగవాళ్లకి వయసులో సగం, ఆడవాళ్లకి వయసుకి పది కలిపి అందులో సగం దాకా మామూలే అని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన అరవై ఏళ్ల అమ్మకి 35 వస్తే గాబరా పడక్కర్లేదు. ఇందుకు తిరగబడ్డ సంగతీ ఉంది. ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లున్నారు. కొడవలిలా వంగిన కణాలు దొంతర పేరవు కాబట్టి ఒంట్లో వాపు ఎంతున్నా ఈఎస్‌ఆర్ తక్కువే వస్తుంది. సికిల్ లేకపోయినా, ఈఎస్‌ఆర్ మామూలుగా వచ్చిన టీబీ రోగులు తక్కువేం కాదు. నూరు దాటితే మాత్రం వదిలేయకూడదు. అయితే అప్పుడు కూడా టీబీ ఒక్కటే కాదు, ఎముక మజ్జ క్యాన్సర్ దాకా చాలా కారణాలు వెతకాలి.

సీఆర్‌పీ దీనికంటే చురుకు. కాలేయం తయారుచేసే ప్రోటీన్ ఇది. వాపు మొదలైన కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, కారణం తగ్గితే దాదాపు ప్రతి పంతొమ్మిది గంటలకీ సగం అవుతూ దిగిపోతుంది. రక్తహీనత దీన్ని పెద్దగా కదిలించదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో టీబీ అనుమానితుల్ని జల్లెడ పట్టడానికి లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటిన సీఆర్‌పీని వాడుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఈఎస్‌ఆర్‌కి ఆ గౌరవం దక్కలేదు. ఒక్క జాగ్రత్త: కొన్ని ల్యాబులు లీటరు లెక్కన, కొన్ని డెసిలీటరు లెక్కన రాస్తాయి. ఒకచోట 48, ఇంకోచోట 4.8 వస్తే తగ్గిందని సంబరపడకండి, రెండూ ఒకటే. మామూలు న్యుమోనియాకీ, చీము పట్టిన పుండుకీ కూడా ఇది ఎగబాకుతుంది, కాబట్టి జబ్బు పేరు దీనికీ తెలియదు.

నా ఓటు మాత్రం సీబీపీకి, అంటే హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ లెక్కపెట్టే పరీక్షకి. ఒక్క సీసా రక్తంలో ఇన్ని కబుర్లు చెప్పేది ఇంకోటి లేదు.

హిమోగ్లోబిన్ సంగతి చూడండి. టీబీ రోగుల్లో చాలామందికి అది తక్కువగానే ఉంటుంది. మగవాళ్లలో 13, ఆడవాళ్లలో 12 కంటే తగ్గితే రక్తహీనత అంటాం. ఇంట్లోవాళ్లు వెంటనే బీట్‌రూట్, దానిమ్మ, ఐరన్ టానిక్ మొదలుపెడతారు. ఇక్కడ చాలాసార్లు ఐరన్ లేక వచ్చిన కరువు కాదిది. టీబీ క్రిమికీ ఐరన్ కావాలి. అది దానికి దొరక్కుండా కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని వదులుతుంది. దాంతో పేగు ఐరన్‌ని లోపలికి రానివ్వదు, ఉన్నది కణాల్లో బందీ అయిపోతుంది. దొంగ తిరుగుతున్నాడని బియ్యం అటకెక్కించి ఇంట్లో పిల్లల్ని పస్తులుంచినట్టు. టీబీ మందులు పనిచేసి వాపు తగ్గితే చాలామందికి టానిక్ లేకుండానే హిమోగ్లోబిన్ పెరుగుతుంది. నిజంగానే ఐరన్ తక్కువైన వాళ్లూ ఉంటారు. వాళ్లని వేరుచేయడానికి ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూస్తారు, తేల్చాల్సింది డాక్టరు. టీబీకి లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే మందులు వాడుతున్నవాళ్లు ఐరన్ మాత్రని వాటితో కలిపి మింగకూడదు. కడుపులో రెండూ అతుక్కుని అసలు మందు ఒంటికి పట్టదు.

ప్లేట్‌లెట్ల విషయంలో డెంగీ మనకి ఒకే భయం నేర్పింది, తగ్గితే ప్రమాదమని. టీబీలో తరచూ పెరుగుతాయి. నాలుగున్నర లక్షలు దాటితే "బాగున్నాయి" అనుకుంటారు పాపం. అది బలం కాదు, లోపలి వాపు లెక్క. తెల్లకణాల్లో లింఫోసైట్లు తగ్గుతాయి, మోనోసైట్లు పెరుగుతాయి. చిన్న ల్యాబుల్లో ఉండే త్రీ-పార్ట్ మెషిన్ మోనోసైట్లని విడిగా చూపదు, ఇతర కణాలతో కలిపేసి ఒకే అంకె ఇస్తుంది. డాక్టరుకి ఆ లెక్క కావాలంటే ఫైవ్-పార్ట్ మెషిన్ ఉండాలి, లేదా స్లైడు వేసి చూసే ఓపికున్న మనిషి ఉండాలి.

మందులు మొదలయ్యాక సీబీపీ విలువ ఇంకా పెరుగుతుంది. రిఫాంపిసిన్ అరుదుగా ప్లేట్‌లెట్లని హఠాత్తుగా పడగొడుతుంది. ఒంటి మీద ఎర్రచుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఆ మందు మళ్లీ ఎప్పటికీ ఇవ్వరు. (ఆ మాత్ర వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో రావడం వేరు. రక్తం పోతోందని పరుగెత్తుకొచ్చేవాళ్లున్నారు, అది మందు రంగే.) మందులకి లొంగని టీబీకి 2024లో కేంద్రం అనుమతించిన బీపాల్‌ఎం చికిత్సలో లినెజోలిడ్ అనే మందు ఉంటుంది. అది ఎముక మజ్జని అణచివేయగలదు. అక్కడ డాక్టరు చెప్పిన రోజున సీబీపీ తప్పితే నష్టమే. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ ఈ పని చేయలేవు.

కాబట్టి చేతిలో ఒక్క పరీక్షకే డబ్బుంటే సీబీపీ. రెండింటికి ఉంటే దానికి సీఆర్‌పీ జోడించండి. ఈఎస్‌ఆర్ మాత్రం సీఆర్‌పీ దొరకని చోట పనికొస్తుంది. తెలంగాణలో పీహెచ్‌సీలో రక్తం ఇస్తే జిల్లా డయాగ్నొస్టిక్ హబ్‌లో పైసా లేకుండా చేస్తారు, అడగండి.

ఈఎస్‌ఆర్ ఎనభై వచ్చిన ఆయనకి తెమడలో టీబీ తేలింది. మొదటిరోజు హిమోగ్లోబిన్ 9.4. రెండు నెలలకి ఇద్దరూ మళ్లీ వచ్చారు. మనిషి నాలుగు కిలోలు పెరిగాడు, హిమోగ్లోబిన్ 11.6, ప్లేట్‌లెట్లు మూడు లక్షలకి దిగాయి. చీటీలో ఈఎస్‌ఆర్ కూడా ఉంది, 46 వచ్చింది.

"ఇంకా తగ్గలేదేంటన్నా?" అందామె.

"అది మెల్లగా దిగుతుందమ్మా, మిగతావి డాక్టరుగారికి చూపించు" అన్నాను. మూడోసారి తెచ్చిన చీటీలో ఆ డాక్టరు ఈఎస్‌ఆర్ రాయలేదు.