హంపి లాడ్జీ, టేపు పర్సు, మా అత్తమ్మ కన్నడం

ముందే చెప్పేస్తున్నాను. హంపి చూడండి, రెండు రాత్రులైనా ఉండండి. కానీ ఫోన్లో "నది కనిపిస్తుంది మేడం, అరటితోట కనిపిస్తుంది, అన్నీ అందులోనే" అనే లాడ్జీవాడికి అడ్వాన్సు పంపే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మేం అడగలేదు. వెయ్యి రూపాయలు పంపేసి ఊరుకున్నాం. ఆ లాడ్జీ గొడవలో మమ్మల్ని సగం ఇరికించింది, సగం గట్టెక్కించింది మా అమ్మాయి టేపుతో చేసిన పర్సు. కాబట్టి ముందు దాని సంగతి.

మా పాప ఏడో తరగతి. ఉగాది సెలవులకు హంపి అనుకున్న రోజు నుంచీ "ట్రావెల్ వాలెట్" అని ఒకటే గోల. కొనడం కాదట, రంగురంగుల డక్ట్ టేపుతో తనే చేస్తుందట. కర్నూల్లో స్టేషనరీ షాపులు తిరిగాం. డక్ట్ టేపు అంటే ఒకాయన అట్టపెట్టెలకు వేసే బ్రౌన్ టేపు ఇచ్చాడు. ఇంకొకాయన కరెంటు వైర్లకు చుట్టే ఇన్సులేషన్ టేపు ఇచ్చాడు. మూడో ఆయన బుక్ బైండింగ్ టేపు తీసి "ఇదే మేడం, రంగులు కూడా ఉన్నాయి" అన్నాడు. మూడూ కావు. డక్ట్ టేపుకు పైన ప్లాస్టిక్ పొర, మధ్యలో గుడ్డ నేత, కింద రబ్బరు జిగురు ఉంటాయి. ఆ నేత ఉండబట్టే కత్తెర లేకుండా చేత్తో లాగినా తిన్నగా చిరుగుతుంది. చివరికి ఆన్‌లైన్లో మూడు రోల్స్ తెప్పించాం, పసుపు, గులాబీ, నీలం. ఒక్కోటి 189, మొత్తం 567. సొంతంగా చేసుకుంటే చవక అనేవాళ్లు ఈ లెక్క చూసుకోండి. బజారులో మామూలు పర్సు రెండొందలకు వస్తుంది.

చేయడం మాత్రం సులువే. 21 సెంటీమీటర్ల పట్టీలు ఐదు, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి అర సెంటీమీటరు ఎక్కేలా, జిగురు పైకి పెట్టి పరుచుకోవాలి. వాటి మీద ఇంకో ఐదు పట్టీలు జిగురు కిందికి పెట్టి అంటించాలి. రెండు పక్కలా నున్నగా ఉండే గుడ్డలాంటి ముక్క తయారవుతుంది. దాన్ని 20 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పుకు కోసి, పొడవునా మధ్యకు మడిచి, రెండు పక్కలూ టేపుతో మూసేస్తే నోట్ల అర. టేపు వెడల్పు 48 మిల్లీమీటర్లే, నాలుగు పట్టీలు వేస్తే చాలదు.

ఈ కొలతలు తెలిసింది ఒక పర్సు పాడయ్యాకే. మొదటిసారి పాప చేతికందిన పది రూపాయల నోటు పెట్టి కొలిచింది. దాని పొడవు 123 మిల్లీమీటర్లు. 500 నోటుది 150. పర్సు పూర్తయ్యాక నాన్న ఇచ్చిన ఐదొందలు అందులో తల బయటికి పెట్టుకుని కూర్చుంది. రెండోది సరిగ్గా వచ్చింది. కార్డులకు రెండు జేబులు, చిల్లరకు ఒకటి, ఆ కార్డుల వెనక ఎవరికీ కనపడని దొంగ జేబు. ఆ దొంగ జేబు మూతి దగ్గర సన్నగా, ఒక దారమంత, జిగురు బయటికి కనిపిస్తూనే ఉంది. నేను చూశాను. "ఏం కాదులే అమ్మా" అంది, నేనూ ఊరుకున్నాను.

పసుపు మీద గులాబీ చారలు, నీలం అంచు. బడ్జెట్ అంతా దాంట్లోనే పెట్టాలని తండ్రీకూతుళ్ల తీర్మానం. ఆడిట్ ఆఫీసులో పనిచేసే నేను దాన్ని పదిమందిలో ఎలా తీయాలా అని ఒక్కటే టెన్షన్. మా ఆయనకేం, ఆయన దగ్గర 1,450 పెట్టి కొన్న తోలు పర్సు ఉంది.

పొద్దున్నే బయల్దేరి, ఆదోనిలో మా అత్తమ్మను ఎక్కించుకుని, ఆలూరు, బళ్ళారి మీదుగా హోస్పేట వెళ్లాం. దారిలో ఉగ్గాని బజ్జీ తిన్నాం, ప్లేటు 40, ఆ రుచికి ఎనభై ఇచ్చినా బాధ లేదు. కార్లో పాప టేపు చరిత్ర మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో వెస్టా స్టౌట్ అని ఒకావిడ తూటాల పెట్టెలు సర్దే ఫ్యాక్టరీలో పనిచేసేది. పెట్టెలకు వేసే కాగితం టేపు ఊడదీయబోతే తెగిపోయేది, యుద్ధంలో ఉన్న సైనికుడికి పెట్టె తెరుచుకోదు. ఆవిడ కొడుకులు నేవీలో ఉన్నారు. నీళ్లకు తడవని గుడ్డ టేపు వేయమని పైవాళ్లకు చెప్తే పట్టించుకోలేదు. 1943లో నేరుగా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కే ఉత్తరం రాసింది. తర్వాత జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్లు ఆ టేపు తయారుచేశారు. అత్తమ్మ అంతా విని "గట్టి మనిషే" అంది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆమె దగ్గర నేను వినలేదు.

ఇక లాడ్జీ. రాత్రికి 2,400, ఏసీ, నలుగురికి అని ఫోన్లో మాట. నది కనిపించే మాట నిజమే, మిద్దె ఎక్కి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే కనిపిస్తుంది. గదిలో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఏసీ ఉంది, రిమోట్ లేదు. రిమోట్ అడిగితే కౌంటర్లో అబ్బాయి ఇచ్చాడు, "బిల్లులో చూసుకుందాం మేడం" అన్నాడు. ఆ మాటకు అర్థం అప్పుడు తెలియలేదు. పైగా ఒరిజినల్ ఆధార్ కార్డు ఖాళీ చేసేదాకా తన దగ్గరే ఉండాలన్నాడు. ఇది మాత్రం ఎక్కడా ఒప్పుకోకండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్లు పెట్టుకోండి. పాప పర్సులో అవి రెండున్నాయి, ఒకటి ఇచ్చాం. మూతి ముడుచుకుని తీసుకున్నాడు. గీజర్ పనిచేయలేదు. బకెట్టు వేడినీళ్లు తెచ్చిచ్చిన పిల్లాడు పాపం మంచివాడు. దుప్పటి మీద ఎవరిదో టీ మరక. మా ఆయన "రెండు రాత్రులేగా" అంటూ నిద్రపోయాడు. ఆయనకు అన్నీ రెండు రాత్రులే.

పర్సు సంగతి కూడా ఆ రోజే కొంత తేలింది. మెడలో తాడు కట్టి బట్టల లోపల వేసుకుంటే దొంగల భయం ఉండదని పాప ఏర్పాటు. ప్లాస్టిక్ కదా, గాలాడదు. గంటలో చెమటకు ఒంటికి అతుక్కుని దురద మొదలైంది. హ్యాండ్‌బ్యాగులో పడేశాను. మీరు చేసుకునేటట్లయితే మెడ తాడు జోలికి పోకండి.

రెండో రోజు పొద్దున విరూపాక్ష గుడి. గోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడే చీకటి గది చూశాం, పాపకు సైన్సు పాఠం అక్కడే అర్థమైంది. తర్వాత పుట్టి ఎక్కాం. పుట్టివాడు 1,200 అడిగాడు, 800కు కుదిరింది. 1520ల్లో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఇక్కడ బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో మనుషులు నది దాటడం చూసి రాసిపెట్టాడు. అప్పుడు వెదురుకు తోలు చుట్టేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా. నది మధ్యలో పుట్టివాడు సరదాకు గిర్రున తిప్పాడు. పాప కేకలు, అత్తమ్మ గోవిందలు. అడుగున బెత్తెడు నీళ్లు చేరాయి. మా ఆయన వెనక జేబు ఆ నీళ్లలోనే ఉందని ఒడ్డు ఎక్కాక తెలిసింది. తోలు పర్సు తడిసి ఉబ్బింది, ఐదారు వందనోట్లు ఒక ముద్ద. నా బ్యాగు కూడా తడిసింది. టేపు పర్సు తీసి చీరకొంగుతో తుడిస్తే చాలు, లోపల చుక్క లేదు. అలాగని వాటర్‌ప్రూఫ్ అనుకోకండి. చిమ్మిన నీళ్లు ఆగుతాయి, పైన తెరిచి ఉండే అర కాబట్టి మునిగితే ఏమీ ఆగదు. అయినా పాప ముఖం చూడాలి అప్పుడు. తండ్రి ముఖం కూడా.

విఠల ఆలయానికి టికెట్ మనిషికి 40, పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు. పార్కింగు నుంచి గుడిదాకా బ్యాటరీ బండి, దానికి చిల్లర ఇవ్వమన్నారు. వెనక లైన్లో అందరూ ఫోన్లు పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటుంటే నేను ఆ రంగురంగుల పర్సు తీసి చిల్లర జేబులోంచి లెక్కపెట్టి ఇచ్చాను. సిగ్గు అక్కడే పోయింది. వెనకాయన ఎక్కడ కొన్నారని కూడా అడిగాడు. రాతిరథం ముందు పాప 50 నోటు తీసి, వెనకవైపున్న బొమ్మను, ఎదురుగా ఉన్న రథాన్ని చూసుకుంటూ పావుగంట నిలబడింది. రథం ముందున్న ఏనుగులు తర్వాత తెచ్చిపెట్టినవి, అసలు అక్కడుండేవి గుర్రాలు. వాటి వెనక కాళ్లూ తోకలూ ఇంకా రాతిలో కనిపిస్తాయి. వెతికి పట్టుకోండి, పిల్లలకు మంచి ఆట.

మధ్యాహ్నం కమలాపురంలో ఒక చిన్న ఇంటి హోటల్లో జొన్నరొట్టె, నూనె వంకాయ, శనక్కాయ చట్నీ, పెరుగు తిన్నాం. 90 రూపాయలు, రొట్టెలు ఎన్నయినా. వడ్డించినామె అత్తమ్మతో కన్నడంలో మాట కలిపింది, ఇక మమ్మల్ని లేవనివ్వలేదు. ఈ ట్రిప్పులో పైసాకు పైసా విలువ వచ్చింది అక్కడే.

తప్పు జరిగింది దాని తర్వాత. విఠల ఆలయం టికెట్టే అదే రోజు లోటస్ మహల్‌కూ చెల్లుతుంది. డబ్బులతో పనేముందని పర్సు కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసి అద్దాలు ఎత్తి వెళ్లాం. బయటే 38 డిగ్రీలు. రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే పర్సు వేడెక్కి మెత్తబడి, అంచుల్లోంచి జిగురు కారి ఉంది. దొంగ జేబులో అత్యవసరానికని పెట్టిన ఎనిమిది ఐదొందల నోట్లలో మూడు ఆ మూతి దగ్గరి జిగురుకు అతుక్కున్నాయి. మెల్లగా లాగితే వచ్చాయి కానీ అంచున బంక, బంకకు దుమ్ము. అత్తమ్మ తన వక్కాకు తిత్తిలోంచి పౌడర్ డబ్బా తీసి పర్సు అంచుల మీద చల్లి వేలితో రుద్దింది. బంక మాయం. ఇది ఇంట్లోనే, చేసిన రోజే చేయాల్సిన పని అని ఇప్పుడు తెలుసు. నోట్లకు మాత్రం నల్లటి అంచు ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున బిల్లు. గది 4,800. అదనపు పరుపు రెండు రాత్రులకు 1,200. ఏసీ 1,000. వేడినీళ్లు 200. మొత్తం 7,200, అడ్వాన్సు పోను 6,200. "స్కానర్ పనిచేయదు మేడం, క్యాషే" అన్నాడు. స్కానర్ అతని తల వెనకే గోడకు అంటించి ఉంది. మా ఆయన నోట్లు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. నేను దొంగ జేబు నోట్లు తీశాను. పైన ఉన్నవి ఆ మూడే. అతను వేలితో తాకి, బంక చూసి, ఇవి చెల్లవు అని పక్కకు నెట్టాడు. చెల్లకపోవడమేమీ లేదు, ఇలాంటి నోట్లు ఏ బ్యాంకులోనైనా మారుస్తారు. అదే చెప్పాను. వినడు. మా ఆయన "పోనీలే, ఏటీఎం వెతుకుదాం" అన్నాడు.

అప్పటిదాకా కుర్చీలో కూర్చున్న అత్తమ్మ లేచింది. "ఆ అమెరికా ఆమె ప్రెసిడెంటుకే రాసింది, మనం వీడితో మాట్లాడలేమా" అని నాతో అని, అతని వైపు తిరిగి కన్నడంలో "రసీది కొడప్పా, ఆమేలె దుడ్డు" అంది. ముందు రసీదు, తర్వాతే డబ్బు. పరుపు ఎంత, నీళ్లు ఎంత, విడివిడిగా రాసి ముద్ర వేయమంది. గొంతు పెంచలేదు. కౌంటర్ పక్కన బ్యాగులతో నిలబడ్డ ఇద్దరు మైసూరు అబ్బాయిలు కూడా మాకూ రసీదు కావాలన్నారు. అంతే. పరుపు డబ్బు పోయింది, నీళ్ల డబ్బు పోయింది, ఏసీ 500కు దిగింది. కట్టాల్సింది 4,300 అయింది. రసీదులో 4,300 రాశాక, మా బంక నోట్లు మళ్లీ ముట్టుకోవడం ఇష్టంలేక కాబోలు, రెండు నిమిషాల్లో స్కానర్ బాగైపోయింది.

మొత్తం ఖర్చు రాసుకున్నాను. పెట్రోలు 4,100, లాడ్జీ అడ్వాన్సుతో కలిపి 5,300, తిండి 2,760, పుట్టి 800, మిగతా చిల్లర ఖర్చులు 640. పర్సు 567 ఇందులో కలపలేదు, పాప ఒప్పుకోలేదు.

తోలు పర్సు ఎండి అప్పడంలా బిర్రబిగిసింది, మా ఆయన ఇంకా అదే వాడుతున్నాడు. టేపు పర్సు నా బ్యాగులో ఉంది, ఆఫీసులో కూడా తీస్తున్నాను. మిగిలిన పసుపు రోల్ అత్తమ్మ ఆదోనికి పట్టుకెళ్లి చీలిన ప్లాస్టిక్ బిందెకు వేసుకుంది. ఇంకా కారుతూనే ఉందట, పౌడర్ రాయమంటావా అని పాపకు ఫోన్ చేసి అడిగింది.