పాత బోటులో డీజిల్ ట్యాంకు: ఉన్నచోటే కొత్తదా, చోటు మార్చడమా?

పాత బోటులో డీజిల్ ట్యాంకు కారడం మొదలైతే అందరూ ముందు అడిగేది అల్యూమినియందా ప్లాస్టిక్‌దా ఏది కొనాలి అని. నన్నడిగితే అది తర్వాత సంగతి, ముందు పాత ట్యాంకుకి చిల్లు ఎక్కడ పడిందో చూడండి, లోపల్నుంచి తిన్నదా బయట్నుంచి తిన్నదా అని.

లోపల్నుంచి అయితే చిల్లు దాదాపు అడుగునే ఉంటుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు కదా, డీజిల్ పోసే ఫిల్లర్ మూత రబ్బరు పాడై దిగినవో, ట్యాంకుకి గాలి ఆడే వెంట్ పైపులోంచి వచ్చినవో, లోపలి గాలిలో తేమ చల్లబడి గోడల మీద పట్టినవో అన్నీ కిందకి చేరి కూర్చుంటాయి, ఆ నీళ్ళూ డీజిల్ కలిసే చోట బ్యాక్టీరియా, బూజు పెరిగి నల్లటి జిగురు మడ్డి తయారవుతుంది, అది వదిలే ఆమ్లం రేకుని తినేస్తుంది. ఫిల్టర్ గిన్నెలో నల్లగా సాగే జిగురు కనిపిస్తుంటే ఇదే కేసు. ఇందులో చోటు తప్పేం లేదు, అడుగున నీళ్ళు తీసే ఏర్పాటు, చెయ్యి పట్టే తనిఖీ మూత లేకపోవడమే తప్పు. అలాంటప్పుడు ఉన్నచోటే కొత్తది పెట్టుకోవడం మేలు.

బయట్నుంచి అయితే కథ వేరు. డెక్ లీకై ఉప్పునీళ్ళు ట్యాంకు పైకప్పు మీద నిలబడి ఉంటాయి, లేదంటే కింద తడి చెక్కకో ఫోమ్‌కో ఆనుకున్న చోట రేకు పొరలు పొరలుగా ఊడొస్తుంటుంది. ఆ తడి ఆపకుండా అక్కడే కొత్తది దింపితే అదీ అదే దారి పడుతుంది. లీకు ఆపగలరా, గాలి ఆడేలా చెయ్యగలరా, సరే. లేకపోతే చోటు మార్చాల్సిందే.

ఇక ఉన్నచోటుకి ఉన్న బలం ఏంటంటే బరువు. డీజిల్ లీటరు సుమారు 0.84 కిలోలు, అంటే 200 లీటర్ల ట్యాంకు నిండితే 168 కిలోలు, ట్యాంకు బరువు అదనం. పాతకాలం డిజైనర్ దాన్ని కింద, మధ్యలో పెట్టాడంటే ఊరికే పెట్టలేదు. అదే బరువుని వెనక లాకర్‌లోకి తీసుకెళ్తే నిండుగా ఉన్నప్పుడు వెనక కుంగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ ముందు దిగుతుంది, ఒక పక్కకి పెడితే బోటు అటే ఒరుగుతుంది. బలహీనత ఏంటంటే చాలా బోట్లలో ట్యాంకు పెట్టాకే పైన డెక్ కట్టారు, కాబట్టి ఇంజిన్ ఎత్తకుండానో ట్యాంకు ముక్కలు చెయ్యకుండానో అది బయటికి రాదు. ముక్కలు చెయ్యాలంటే ఖాళీ చేసి కడిగినా సరే గ్రైండర్ నిప్పురవ్వలు మాత్రం వద్దు, మూసిన ట్యాంకులో వేడెక్కిన డీజిల్ ఆవిరి నిజంగానే పేలుతుంది. పైరేకు మాత్రం కోసేసి, పాత డొక్కుని బాగా శుభ్రం చేసి అందులోనే రెండు చిన్న ట్యాంకులు దింపేవాళ్ళున్నారు. కొంత కెపాసిటీ పోతుంది కానీ ఇంజిన్ కదలక్కర్లేదు, నాకైతే ఇది చాలా నచ్చిన దారి.

చోటు మారిస్తే కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, అది చిన్న లాభం కాదు. కానీ ఎత్తు సంగతి మర్చిపోకండి. ట్యాంకు ఇంజిన్ కంటే పైన ఉంటే ఎక్కడ పైపు ఊడినా డీజిల్ అంతా బిల్జ్‌లోకి, అంటే బోటు అడుగు గుంటలోకి దిగిపోతుంది, అందుకే ట్యాంకు దగ్గరే ఆపే వాల్వు ఉండాలి, అదీ ఇంజిన్ గదిలోకి దూరకుండా తిప్పగలిగేలా. మరీ కింద ఉంటే డీజిల్‌ని ఇంజిన్‌కి లాగే లిఫ్ట్ పంపు పీల్చలేక, ఏదో జాయింట్‌లో గాలి లాక్కుని ఇంజిన్ ఆగిపోతుంది. రెండు ట్యాంకులు పెడితే ఇంజిన్ వాడగా మిగిలిన డీజిల్‌ని వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు, డీజిల్ ఏ ట్యాంకులోంచి లాగుతున్నారో ఆ ట్యాంకులోకే వెళ్ళాలి, ఒకదాన్నుంచి లాగి నిండిన రెండోదాంట్లోకి వదిలితే వెంట్‌లోంచి డీజిల్ సముద్రంలోకి పోతుంది.

మెటీరియల్ గురించి రెండు ముక్కలు. ప్లాస్టిక్‌కి తుప్పు లేదు, కానీ డీజిల్ తగిలాక రెండు శాతం దాకా ఉబ్బుతుంది, చుట్టూ బిగించి పెట్టకుండా ఆ సందు వదలాలి. అల్యూమినియం అయితే 5083 లాంటి మెరైన్ గ్రేడే, ఇత్తడి ఫిట్టింగ్ నేరుగా బిగించొద్దు, మధ్యలో స్టెయిన్‌లెస్ ముక్క ఉండాలి, ఫోమ్‌లో పాతిపెట్టడం అసలొద్దు. స్టెయిన్‌లెస్ అంటే తిరుగులేదనుకుంటారు గానీ ఉప్పునీళ్ళు నిలిచిన వెల్డింగ్ దగ్గర అదీ చిల్లులు పడుతుంది. జింక్ పూసిన గాల్వనైజ్డ్ రేకు డీజిల్‌కి పనికిరాదు, ఆ జింక్ డీజిల్‌తో కలిసి ఫిల్టర్లని చెడగొడుతుంది.

ఏ దారి పట్టినా వెల్డింగ్ ట్యాంకు చేయించుకుంటే బోటులోకి దింపకముందే 3 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పెట్టి అన్ని అతుకుల మీద సబ్బునీళ్ళు రాయించండి, లోపల బిగించాక బుడగ కనిపిస్తే మళ్ళీ మొత్తం బయటికి లాగాలి.